అది నోరు విప్పితేనే మనకు తెలిసేది

అమీర్‌పేటలో ఒక హాస్టల్ గది అనుకుందాం. కొత్తగా దిగినవాళ్లు అనుమానం తీరక ఫోన్‌లో ఒక స్కానర్ యాప్ వేస్తారు. అది పదకొండు పరికరాలు చూపిస్తుంది: రౌటర్, ఎనిమిది ఫోన్లు, ఒక టీవీ, ఒక ప్రింటర్. కెమెరా అన్న మాట ఎక్కడా లేదు కాబట్టి గదిలో కెమెరా లేదని ఊపిరి పీల్చుకుంటారు. ఆ యాప్ చేసిందల్లా హాస్టల్ వైఫైలోని ఐపీ అడ్రసులన్నిటినీ వరసబెట్టి పిలిచి, పలికినవాటిని రాసుకోవడమే. ఆ వైఫైలో చేరనిది ఆ పిలుపుకు పలకదు. పక్కింటి నెట్‌వర్క్‌లో ఉన్నదీ, సొంత హాట్‌స్పాట్ పెట్టుకుని కూర్చున్నదీ, ఎక్కడా చేరకుండా ఊరికే ఆన్‌లో ఉన్నదీ, ఈ మూడూ ఆ జాబితాకు ఎక్కవు.

నెట్‌వర్క్‌లో చేరని పరికరాన్ని పట్టాలంటే పిలిచి లాభం లేదు, పొంచి వినాలి. అది గాల్లోకి ఏదో ఒకటి పంపాలి, సరిగ్గా అప్పుడు మన రేడియో అదే ఛానెల్‌లో చెవి పెట్టి ఉండాలి. ఈ రెండూ కలిస్తేనే దొరుకుతుంది. ఏ ధర పెట్టి ఏ యంత్రం కొన్నా ఈ షరతు తప్పదు.

అదృష్టవశాత్తు చాలా పరికరాలకు మౌనంగా ఉండటం చేతకాదు. వైఫై ఆన్‌లో ఉండి ఎక్కడా కనెక్ట్ కాని ఫోన్ అప్పుడప్పుడూ 'ఇక్కడ రౌటర్ ఏదైనా ఉందా' అని కేకేస్తుంది. దీని పేరు ప్రోబ్ రిక్వెస్ట్. వైఫైలో గాల్లోకి వెళ్లే ఒక్కో సందేశాన్ని ఫ్రేము అంటారు. వైఫై నియమాలు రాసిన 802.11 ప్రమాణంలో ఇది, కనెక్షన్ వ్యవహారాలు చూసే మేనేజ్‌మెంట్ ఫ్రేముల్లో ఒకటి. రకం 0, ఉపరకం 4. దీనికి ఎన్‌క్రిప్షన్ ఉండదు. ఇంకా ఎవరితోనూ తాళంచెవి పంచుకోని దశలో వేసే కేక కదా, దాచడానికి వీలు లేదు. కొత్త వైఫై భద్రతా పద్ధతి డబ్ల్యూపీఏ3 వచ్చాక కూడా ఇది మారలేదు. అందులోని మేనేజ్‌మెంట్ ఫ్రేముల రక్షణ కనెక్ట్ అయ్యాకే మొదలవుతుంది.

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో ఈ కేక సాధారణంగా అన్నిటికంటే తక్కువ వేగంతో, అంటే సెకనుకు 1 మెగాబిట్‌తో వెళ్తుంది. 120 బైట్ల ఫ్రేము గాల్లో ఒక మిల్లీసెకను పైచిలుకు ఉంటుంది. వేగం తక్కువ కాబట్టే, ఆ ఫోన్‌తో వీడియో చూడటానికి సిగ్నల్ చాలనంత దూరంలో కూడా కేక మాత్రం వినపడుతుంది. అందులో పంపినవాడి 48 బిట్ల మ్యాక్ అడ్రసు (వైఫై చిప్ తనను తాను చెప్పుకునే గుర్తింపు సంఖ్య), ఫ్రేము వరస సంఖ్య, ఫోన్‌కు చేతనైన వేగాల జాబితా, తయారీదారు చేర్చిన కొన్ని ముక్కలు ఉంటాయి. ఒక్కోసారి అది వెతుకుతున్న నెట్‌వర్క్ పేరు కూడా ఉంటుంది. భద్రత కోసమని ఇంటి వైఫై పేరును 'హిడెన్' పెట్టేవాళ్లకు జరిగే తమాషా ఇక్కడే: పేరు దాచిన నెట్‌వర్క్‌ను సేవ్ చేసుకున్న ఫోన్, దాన్ని పేరుపెట్టి పిలిస్తే తప్ప కనుక్కోలేదు. ఇంట్లో దాచిన పేరు అలా వీధి వీధంతా వినిపిస్తుంది. అందులో ఫ్లాట్ నంబరు కూడా కలిపి పెట్టుకుంటే ఇక చెప్పేదేముంది.

సామాను

ఫోన్‌తో ఈ పని కాదు. ప్లే స్టోర్ యాప్‌లకు ఆండ్రాయిడ్ చూపించేది చుట్టుపక్కల రౌటర్లనే, రౌటర్లను వెతికే ఫోన్లను కాదు. ఆ రౌటర్ల స్కాన్ కూడా ఆండ్రాయిడ్ 9 నుంచి ఒక్కో యాప్‌కు రెండు నిమిషాల్లో నాలుగు సార్లకు మించి కుదరదు. గాల్లో పోయే ప్రతి ఫ్రేమునూ వినాలంటే వైఫై చిప్‌ను మానిటర్ మోడ్‌లో పెట్టాలి. దానికి లైనక్స్ ఉన్న పాత ల్యాప్‌టాప్ లేదా రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు కంప్యూటర్, మానిటర్ మోడ్‌కు పనికొచ్చే యూఎస్‌బీ అడాప్టర్ కావాలి.

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)లో అడాప్టర్లు బోలెడు దొరుకుతాయి. అక్కడ అడగాల్సింది బ్రాండును కాదు, లోపలి చిప్‌ను. ఏథెరోస్ ఏఆర్9271 అయితే 2.4 గిగాహెర్ట్జ్‌కు నిశ్చింత. మీడియాటెక్ ఎంటీ7612యూ అయితే 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండు బ్యాండులూ వస్తాయి. బ్రాండును నమ్మితే ఏమవుతుందో చెప్పడానికి టీపీ-లింక్ 722ఎన్ మంచి ఉదాహరణ. మొదటి వెర్షన్‌లో ఏఆర్9271 ఉండేది, రెండో వెర్షన్ నుంచి రియల్‌టెక్ చిప్ వచ్చింది. డబ్బా మీద బొమ్మ ఒకటే, పేరు ఒకటే, లోపల సరుకు వేరు. పాత పాఠాలు చూసి కొని, డ్రైవర్ల దగ్గర రెండు రోజులు కొట్టుకునేవాళ్లు ఎక్కువమంది ఈ మోడల్ దగ్గరే ఆగుతారు. రాస్ప్‌బెర్రీ పైలో ఉన్న సొంత వైఫై చిప్ కూడా ఫర్మ్‌వేర్‌కు ప్యాచ్ వేయనిదే మానిటర్ మోడ్‌లోకి రాదు.

ఇంకా చవకలో కావాలంటే కోఠి గుజరాతీ గల్లీలో నాలుగైదు వందలకు దొరికే, సొంత వైఫై ఉన్న చిన్న ఈఎస్‌పీ32 బోర్డు చాలు. తనకు పంపనివి కూడా వినే దాని ప్రామిస్క్యువస్ మోడ్‌లో ప్రోబ్ రిక్వెస్టులు చక్కగా పడతాయి. అయితే 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే. పాత ఈఎస్‌పీ8266 కూడా వింటుంది కానీ మేనేజ్‌మెంట్ ఫ్రేమును పూర్తిగా ఇవ్వదు, తోక కోసేస్తుంది. అడ్రసు, సిగ్నల్ బలం చాలనుకుంటేనే అది.

అడాప్టర్‌ను నేరుగా నీలిరంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో గుచ్చకూడదు. ఆ పోర్టు నుంచి, కేబుల్ నుంచి వచ్చే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూనే ఉంటుంది. దూరం నుంచి వచ్చే బలహీనమైన కేకలు అందులో మునిగిపోతాయి. 2.0 పోర్టు వాడి, మీటరు పొడుగు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో అడాప్టర్‌ను ల్యాప్‌టాప్‌కు దూరంగా, కిటికీ గ్రిల్‌కూ బీరువాకూ ఆనకుండా పెట్టాలి.

తర్వాతి వరస: ముందు లైనక్స్‌లో కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్‌ను ఆపాలి, లేకపోతే మానిటర్ మోడ్‌లో పెట్టిన అడాప్టర్‌ను అది కాసేపటికి మళ్లీ మామూలు మోడ్‌లోకి లాగేస్తుంది. దేశాన్ని ఇండియాగా పెట్టాలి, అప్పుడు 2.4లో 1 నుంచి 13 దాకా అన్ని ఛానెళ్లూ తెరుచుకుంటాయి. ఆపైన మానిటర్ మోడ్, ఆపైన విన్న ఫ్రేములను చూపించే ప్రోగ్రాం, ఎయిరోడంప్ గానీ కిస్మెట్ గానీ. ఎయిరోడంప్ తెరలో కింది భాగంలో, రౌటర్ అడ్రసు ఉండాల్సిన చోట 'నాట్ అసోసియేటెడ్' అని పడే వరసలే మనకు కావలసినవి. అన్ని ఫ్రేములూ నిల్వ చేస్తే కార్డు త్వరగా నిండిపోతుంది. ప్రోబ్ రిక్వెస్టుల వరకే వడగట్టి సమయం, అడ్రసు, వరస సంఖ్య, సిగ్నల్ బలం రాసుకుంటే వారాల సమాచారం చిన్న కార్డులో పడుతుంది.

రెండు చిల్లర తప్పులు పెద్ద నష్టం చేస్తాయి. ఒకటి, చెడిపోయి వచ్చిన ఫ్రేములను పారేయకపోవడం. ఫ్రేము చివర ఉండే సరిచూపు మొత్తం కలవకపోతే లోపలి అడ్రసులో ఒక బిట్ తిరగబడి ఉండొచ్చు. దాన్నీ లెక్కలో వేసుకుంటే లోకంలో లేని పరికరాలు పుట్టుకొస్తాయి. రెండు, గడియారం. పై 5కు ముందు వచ్చిన రాస్ప్‌బెర్రీ పైలలో గడియారపు చిప్ లేదు. ఇంటర్నెట్ లేనిచోట కరెంటు పోయి వచ్చిందంటే టైము వెనక్కి పోతుంది, ఆ రోజు లెక్కంతా దండగ.

ఏ ఛానెల్‌లో కూర్చోవాలి

ఈ సాధనాలన్నీ డిఫాల్ట్‌గా ఛానెల్ నుంచి ఛానెల్‌కు గెంతుతూ ఉంటాయి. రౌటర్లను వెతకడానికి అదే సరైన పద్ధతి. రౌటర్ ఒకే ఛానెల్‌లో బైఠాయిస్తుంది కాబట్టి మనమే దాని దగ్గరికి వెళ్లాలి. కనెక్ట్ కాని ఫోన్ తీరు దీనికి తలకిందులు. రౌటర్ ఎక్కడుందో తెలియక అదే ఛానెళ్లన్నీ తిరుగుతూ ఒక్కోచోట కొన్ని పదుల మిల్లీసెకన్లు ఆగి కేకేస్తుంది. ఆర్డినరీ బస్సు అన్ని స్టాపుల్లోనూ ఆగేటప్పుడు, దానికోసం స్టాపు స్టాపుకీ పరిగెత్తే పని లేదు. ఒక స్టాపులో నిలబడితే అదే వస్తుంది.

గెంతితే ఒక నష్టం కూడా ఉంది. బ్యాటరీ ఆదా కోసం చాలా ఫోన్లు ప్రతిసారీ పదమూడు ఛానెళ్లూ తిరగవు. 1, 6, 11తో సరిపెట్టడమో, గతంలో రౌటర్ దొరికిన చోట్లే చూడటమో చేస్తాయి. మన రేడియో ఆ క్షణంలో 3లోనో 9లోనో ఉంటే ఏమీ వినపడదు. రెండు బ్యాండులూ కలిపి గెంతిస్తే మరీ అన్యాయం. 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 64 వరకు, 100 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్లు రాడార్లతో పంచుకునేవి. అక్కడ రౌటర్ గొంతు వినపడనిదే ఫోన్ నోరు తెరవదు. అలాంటి ఛానెల్‌లో ప్రోబ్ కోసం కాచుకోవడం, బస్సు రాని రోడ్డు మీద నిలబడటమే. కాబట్టి ఒక అడాప్టర్ ఉంటే 6లో కట్టిపడేయడం, మూడుంటే 1, 6, 11లో ఒక్కోటి పెట్టడం మంచిది.

ఎంతసేపు వినాలి అన్నదానికి మాత్రం ఒక్క జవాబు లేదు. స్క్రీన్ వెలిగి చేతిలో ఉన్న ఫోన్ నిమిషంలో చాలాసార్లు కేకేయవచ్చు. జేబులో పడుకున్నది చాలా నిమిషాలు ఉలుకూ పలుకూ లేకుండా ఉండవచ్చు. వైఫై ఆపేశామనుకున్నా పూర్తిగా ఆగదు: ఆండ్రాయిడ్‌లో లొకేషన్ సెట్టింగుల కింద 'వైఫై స్కానింగ్' విడిగా ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే వైఫై ఆఫ్ చేసినా లొకేషన్ కోసం వెతుకులాట సాగుతుంది. ఐఫోన్ కంట్రోల్ సెంటర్‌లో వైఫై బొమ్మను నొక్కితే కనెక్షన్ తెగుతుందే గానీ రేడియో ఆగదు, నిజంగా ఆపాలంటే సెట్టింగుల్లోకి వెళ్లాల్సిందే.

లెక్క ఎక్కడ తప్పుతుంది

మెట్రో రెడ్ లైన్, బ్లూ లైన్ కలిసే అమీర్‌పేట స్టేషన్‌లో ఏ గంటకు ఎంతమంది ఉంటారో ఈ పద్ధతిలో తేల్చాలనుకుంటే ఏమవుతుందో చూద్దాం. సాయంత్రం గంటలో వేల అడ్రసులు పడతాయి. దాన్ని తలకాయల లెక్కగా తీసుకుంటే రెండు వైపులా మోసపోతాం.

ఎక్కువ చూపించే కారణం, రాండమ్ అడ్రసులు. 2013లో లండన్ సిటీలో వీధి చెత్తడబ్బాలకు రేడియోలు బిగించి దారిన పోయేవాళ్ల ఫోన్ అడ్రసులు నమోదు చేస్తున్నారని బయటపడి, అక్కడి కార్పొరేషన్ ఆపించింది. అప్పట్లో ఒక ఫోన్‌కు ఒకే అడ్రసు. 2014లో ఐఓఎస్ 8 నుంచి, తర్వాత ఆండ్రాయిడ్ 8 నుంచి, కనెక్ట్ కాని ఫోన్ వేసే కేకలకు దొంగపేరు పెట్టడం మొదలైంది. ఒక ఫోన్ వెతికిన ప్రతిసారీ కొత్త అడ్రసు పెట్టుకుంటే, ప్లాట్‌ఫాం మీద ఇరవై సార్లు వెతికిన ఒక్క మనిషి ఇరవైమందిగా లెక్కకు వస్తాడు.

దొంగపేరును గుర్తుపట్టడం తేలికే. అడ్రసులో రెండో అంకె చూడాలి. అక్కడ 2 గానీ 6 గానీ, లేదా A, E అక్షరాల్లో ఒకటి గానీ ఉంటే ఫోన్ తనే కల్పించుకున్నది. ఉదాహరణకు 36:51:07:82:49:10 కల్పితం. 24తో మొదలైతే తయారీదారు ఇచ్చిన అసలు అడ్రసు, దాని మొదటి సగాన్ని బట్టి ఎవరి చిప్పో చెప్పవచ్చు. రెండిటినీ వేరుచేసి లెక్కించని ఏ నివేదికనూ నమ్మనక్కర్లేదు.

కల్పిత అడ్రసుల వెనక ఉన్న ఫోన్‌ను కలిపి చూసే ఉపాయాలు కొంతకాలం బాగానే నడిచాయి. వరస సంఖ్య 12 బిట్లు, 0 నుంచి 4095 దాకా తిరుగుతుంది. ఒక అడ్రసుతో 1207 వచ్చి, వెంటనే మరో అడ్రసుతో 1208 వస్తే ఇద్దరూ ఒకరేనని తేలిపోయేది. ఇప్పుడు చాలా ఫోన్లు అడ్రసుతోపాటు ఈ సంఖ్యనూ మార్చేస్తున్నాయి. మిగిలింది వేగాల జాబితా, తయారీదారు ముక్కల పొందిక. కానీ అది మోడల్‌ను చెబుతుంది, మనిషిని కాదు. ఒకే మోడల్ ఫోన్లు పదిమంది చేతుల్లో ఉన్న రైలు పెట్టెలో ఆ వేలిముద్ర ఎందుకూ కొరగాదు.

తక్కువ చూపించే కారణాలు మన ఊరివి. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీ డేటా చేతిలో ఉన్నప్పుడు బయట వైఫై ఆన్ చేసే అవసరం చాలామందికి లేదు. జేబులో నిద్రపోతున్న ఫోన్, రైలు ఆగిన ఆ కాసేపట్లో కేక వేయకపోవచ్చు కూడా. అందుకే ఈ పద్ధతి పనికొచ్చేది పోలికలకు: నిన్న ఎనిమిదింటికి ఉన్నదానితో పోలిస్తే ఇవాళ ఎనిమిదింటికి ఎలా ఉంది, సోమవారానికీ ఆదివారానికీ తేడా ఎంత. అంకె కావాలంటే ఎస్కలేటర్ దగ్గర ఒక మనిషి క్లిక్కర్‌తో పదిహేను నిమిషాలు చేతిలెక్క వేయాలి, దాన్ని రేడియో లెక్కతో సరిచూసి నిష్పత్తి తీయాలి. ఉదయం తీసిన నిష్పత్తి రాత్రికి పనిచేయదు, విడిగా తీయాల్సిందే.

దూరం విషయంలోనూ ఇంతే. అడ్డం లేనిచోట దూరం రెట్టింపైతే సిగ్నల్ 6 డెసిబెల్స్ (డీబీ) తగ్గుతుంది, పది రెట్లైతే 20. కానీ మనిషి ఒంట్లో ఉన్నదంతా నీరు. వెనక జేబులోని ఫోన్‌కూ మన రేడియోకూ మధ్య ఆ మనిషే ఉంటే 10 డీబీ పోవడం మామూలే, దాంతో మూడు మీటర్లలో ఉన్నది పది మీటర్లలో ఉన్నట్టు కనబడుతుంది. సిగ్నల్ బలాన్ని మీటర్లలోకి మార్చి చూపించే యాప్‌ల దశాంశ స్థానాలు ఉత్త అలంకారం.

రాసుకున్న అడ్రసుల సంగతి ఒకటుంది. 'మేం హ్యాష్ చేసే దాస్తున్నాం, భయం లేదు' అనే మాట తరచూ వినిపిస్తుంది. హ్యాష్ అంటే అడ్రసును వెనక్కి విప్పడానికి వీల్లేని అంకెల ముద్దగా మార్చడం. అసలు అడ్రసులో మొదటి సగం తయారీదారుది, అది అందరికీ తెలిసిన జాబితా. మిగిలిన 24 బిట్లకు సుమారు 1 కోటి 67 లక్షల అవకాశాలు మాత్రమే. అన్నీ హ్యాష్ చేసి పోల్చడం మామూలు ల్యాప్‌టాప్‌కు చిటికెలో పని. హ్యాష్‌కు రోజుకో రహస్య సంఖ్య కలిపి, రాత్రికి ఆ సంఖ్యను చెరిపేస్తేనే అది దాచడం అవుతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉన్న దేశంలో, మాల్‌లోనో ఆఫీసులోనో ఇలాంటి పెట్టె పెట్టేవాళ్లు ఈపాటి పని మొదటి రోజే చేయాలి. పరికరాలు త్వరగా నోరు విప్పుతాయని డీఆథ్ ఫ్రేములు పంపి ఇతరుల కనెక్షన్లు తెంచడం వినడం కిందకి రాదు, దాడి కిందకి వస్తుంది. జామర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, ప్రైవేటు వ్యక్తులకు నిషేధం.

బ్లూటూత్ వైపు

తక్కువ కరెంటుతో నడిచే 'బ్లూటూత్ లో-ఎనర్జీ' రకాన్ని వినడం ఇంకా సులువు, మామూలు ఫోనే చాలు. ఎవరితోనూ కనెక్ట్ కాని పరికరం 37, 38, 39 అనే మూడు ఛానెళ్లలో, అంటే 2402, 2426, 2480 మెగాహెర్ట్జ్‌లో, తన ఉనికి చాటుకుంటుంది. రెండు చాటింపుల మధ్య వ్యవధి 20 మిల్లీసెకన్ల నుంచి 10.24 సెకన్ల దాకా ఉండొచ్చు. అందుకే అయిదు సెకన్ల స్కాన్ చూసి ఏమీ లేదనుకోవడం తొందరపాటు; కనీసం నిమిషం ఆగాలి, యాప్‌లో బ్యాటరీ ఆదా పెట్టి ఉంటే ఇంకా ఎక్కువ. చాలా ఫిట్‌నెస్ బ్యాండ్లు యజమాని ఫోన్‌కు కనెక్ట్ కాగానే చాటింపు ఆపేస్తాయి, అవి కనబడవు. పాత తరహా బ్లూటూత్ స్పీకర్ పెయిరింగ్ మోడ్‌లో లేకపోతే స్కాన్‌కు జవాబివ్వదు.

స్కూటీ డిక్కీలోనో బ్యాగు అరలోనో ఎవరో ట్రాకర్ పడేశారన్న అనుమానం ఉన్నవాళ్లకు ఇది నిజంగా అక్కరకొచ్చే చోటు. 2024 మేలో ఐఓఎస్ 17.5తోపాటు ఆండ్రాయిడ్ 6, ఆపై ఫోన్లన్నిటికీ, వెంటపడుతున్న తెలియని ట్రాకర్ గురించి హెచ్చరించే ఉమ్మడి ఏర్పాటు వచ్చింది. ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో 'అన్‌నోన్ ట్రాకర్' అలర్టుల కింద చేత్తో స్కాన్ చేయవచ్చు. దిక్కు తెలియాలంటే ఫోన్‌ను ఛాతీకి ఆనించి పట్టుకుని నిదానంగా చుట్టూ తిరగాలి. సిగ్నల్ బాగా పడిపోయిన క్షణాన ట్రాకర్ మన వీపు వెనక ఉన్నట్టు. ఇందాక లెక్కను చెడగొట్టిన ఒళ్లే ఇక్కడ కొలబద్ద. నాలుగడుగులు జరిగి మళ్లీ తిరిగితే రెండు దిక్కులూ కలిసే చోటు తెలుస్తుంది.

మళ్లీ ఆ హాస్టల్ గదికి

చేతిలో మానిటర్ మోడ్ అడాప్టర్ ఉంటే ఇప్పుడు పని వేరు. ఇక్కడ గెంతాలి, ఎందుకంటే వెతికేది ఏదో ఒక నెట్‌వర్క్‌లో స్థిరపడ్డ పరికరాన్ని కూడా. పక్క నెట్‌వర్క్‌లోని కెమెరా పంపే వీడియో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కానీ, పంపే అడ్రసు, ఫ్రేముల సంఖ్య, సిగ్నల్ బలం బయటికే కనబడతాయి. గదిలో బలంగా వినిపిస్తూ ఆగకుండా ఫ్రేములు పంపే అడ్రసులను మూడునాలుగు రాసుకోవాలి. మన ఫోన్లన్నీ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చుని, తర్వాత అయిదు నిమిషాలు గదిలో అటూ ఇటూ తిరగాలి. వీడియోను కుదించి పంపే కెమెరాకు దృశ్యం కదిలితే డేటా పెరుగుతుంది. తిరిగినప్పుడల్లా పొంగే అడ్రసు ఉంటే దాని మీద దృష్టి పెట్టాలి.

ఆ తర్వాత గది ఎంసీబీని దింపి రెండు నిమిషాలు ఆగాలి. రౌటర్‌కు వేరే లైను ఉందో లేదో ముందే చూసుకోవాలి, లేకపోతే అన్నీ ఒకేసారి మాయమై ఏమీ తేలదు. కరెంటుతో పాటు ఆగిపోయిన అడ్రసు గదిలో ప్లగ్గుకు తగిలి ఉన్నదన్నమాట. అది స్మార్ట్ ఏసీ కావొచ్చు, రౌటర్ మారాక పాత నెట్‌వర్క్‌ను వెతుక్కుంటున్న స్మార్ట్ బల్బు కావొచ్చు. గీజరు పక్కన ఉత్తినే గుచ్చి ఉన్న ఛార్జర్ కూడా కావొచ్చు. ఒక్కోదాన్నీ పీకి చూడటమే.

మెమరీ కార్డులోకి మాత్రమే రికార్డు చేసుకునే కెమెరా రేడియో వాడదు. సిమ్ వేసుకున్నది వాడినా వైఫై బ్యాండులో కాదు. ఈ రెండిటికీ పైన చెప్పినవేవీ పట్టవు. లైట్లన్నీ ఆర్పి, టార్చిని కంటి పక్కన పెట్టుకుని స్మోక్ డిటెక్టర్, గోడ గడియారం, సాకెట్ల రంధ్రాలు, అద్దం అంచులు వరసగా వెతకాలి. లెన్స్ ఎంత చిన్నదైనా వెలుగును తిరిగి కంట్లోకే కొడుతుంది, చిన్న చుక్కలా మెరుస్తుంది.